కాలు బెణికితే మళ్ళీ పరుగెత్తేదాకా ఏం చేయాలి: కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

మీ కాలు ఇప్పుడే బెణికి, రోడ్డు పక్కన అరుగు మీద కూర్చుని ఫోన్‌లో ఇది చదువుతున్నారా? అయితే ఈ ముందుమాట వదిలేసి నేరుగా "మొదటి పది నిమిషాలు" దగ్గరికి వెళ్ళండి. మిగతాది ఇంటికెళ్ళాక, కాలు దిండు మీద పెట్టుకుని చదువుకోవచ్చు.

నేను ముప్ఫై తొమ్మిదో ఏట పరుగు మొదలుపెట్టాను. హైదరాబాద్‌లో ఆగస్టులో జరిగే మారథాన్‌లో పది కిలోమీటర్ల పరుగుకి పేరు ఇచ్చాను. జులైలో ఒక ముసురు పట్టిన ఉదయం, మా కాలనీలో తారు రోడ్డు అంచు దిగుతుండగా కుడికాలు లోపలికి మడతపడింది. పది రోజుల్లో నొప్పి తగ్గింది, వాపు పోయింది. అంతా అయిపోయిందనుకుని మళ్ళీ పరుగెత్తాను. ఆరో వారంలో, గుంత గానీ రాయి గానీ లేని చదునైన నేల మీద అదే కాలు మళ్ళీ మడతపడింది. ఈసారి కోలుకోవడానికి మూడు నెలలు పట్టింది.

నొప్పి పోవడం వేరు, కాలు బాగుపడడం వేరు. ఈ తేడా నాకు మొదటిసారే ఎవరైనా చెప్పి ఉంటే రెండో దెబ్బ తగిలేది కాదు. అందుకే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాను. డాక్టర్‌కి చూపించాల్సిన పరిస్థితులేవో కూడా ఇందులో రాశాను, వాటిని దయచేసి దాటవేయకండి.

లోపల ఏం జరుగుతుంది

చీలమండ బయటివైపు ఎముకకీ పాదానికీ మధ్య మూడు లిగమెంట్లు ఉంటాయి. గట్టి పట్టీల్లాంటివి, ఎముకను ఎముకతో కట్టి ఉంచుతాయి. పాదం లోపలికి మడతపడి అరికాలు పక్కకి తిరిగినప్పుడు ఈ బయటి పట్టీల మీద ఒక్కసారిగా లాగుడు పడుతుంది. మూడింటిలో ముందువైపు ఉన్నదే ఎక్కువగా దెబ్బతింటుంది. అందుకే చాలామందికి నొప్పి, వాపు బయటి ఎముకకి కాస్త ముందు, కాస్త కింద కనిపిస్తాయి.

పట్టీ కేవలం సాగితే దాన్ని మొదటి స్థాయి బెణుకు అంటారు. కొంత చిరిగితే రెండోది. పూర్తిగా తెగితే మూడోది. మొదటిది ఒకటి నుంచి మూడు వారాల్లో, రెండోది మూడు నుంచి ఆరు వారాల్లో సర్దుకోవచ్చు. మూడోదానికి మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఇవి రోజువారీ నడకకి సరిపడే లెక్కలు. పరుగుకి మరికొంత కలుపుకోండి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ లిగమెంట్లలో, చుట్టూ ఉన్న కండరాల్లో సన్నని నరాల కొసలు ఉంటాయి. పాదం ఏ కోణంలో ఉందో అవి క్షణక్షణం మెదడుకి చెబుతుంటాయి. కళ్ళు మూసుకుని మెట్టు దిగగలుగుతున్నామంటే వాటి వల్లే. బెణుకుతో పాటు ఈ కబురు వ్యవస్థ కూడా మందగిస్తుంది. పాదం మడతపడబోతోందన్న కబురు ఆలస్యంగా అందుతుంది, కండరం పట్టుకునేలోపే కాలు జారిపోతుంది. నాకు చదునైన నేల మీద జరిగింది ఇదే. విశ్రాంతి తీసుకున్నంత మాత్రాన ఈ వ్యవస్థ తిరిగి రాదు. దానికి సాధన కావాలి.

మొదటి పది నిమిషాలు

ఆగండి. "కాస్త నడిస్తే అదే సర్దుకుంటుంది" అని మిగిలిన దూరం పూర్తి చేయకండి. దెబ్బ తగిలిన వేడిలో నొప్పి తక్కువగా తెలుస్తుంది. ఆ ధైర్యంతో వేసే ప్రతి అడుగూ చిరుగును పెంచవచ్చు.

పక్కన కూర్చోండి. చెమటలు పట్టడం, వికారం, కళ్ళు తిరగడం మామూలే. రెండు నిమిషాలు తల వంచి కూర్చుంటే తగ్గుతుంది.

ఆడవాళ్ళు ముందుగా చేయాల్సిన పని మెట్టెలు, పట్టీలు తీసేయడం. వాపు అరగంటలోనే మెట్టె చుట్టూ బిగుసుకుపోతుంది, తర్వాత కోయించాల్సి వస్తుంది. మంచిది కాదని మనసు ఒప్పుకోకపోతే ఆ కాలివి మాత్రమే తీసి జేబులో వేసుకోండి. వేలికి రక్తం ఆడకపోతే వచ్చే కష్టం చాలా పెద్దది.

బూటు లేసులు వదులు చేయండి. మెట్టెలు తీసే పని లేనివాళ్ళు, ఇల్లు దగ్గరైతే, బూటు ఇంటికెళ్ళాకే విప్పండి, అంతవరకూ అది కాస్త ఊతంగా ఉంటుంది. ఆటో పిలవండి, లేదా ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేయండి. కుంటుకుంటూ రెండు కిలోమీటర్లు నడిచి రావడంలో గొప్పేమీ లేదు.

ఎక్స్‌రే కావాలా, వద్దా

బెణుకా, ఎముక విరిగిందా అన్నది వాపును చూసి తేల్చలేం. మామూలు బెణుకుకి కాలు బంతిలా ఉబ్బవచ్చు, విరిగిన ఎముకకి వాపు కొంచెమే ఉండవచ్చు. కెనడాలోని ఒట్టావాలో డాక్టర్లు 1992లో ఇందుకోసం కొన్ని సులువైన పరీక్షలు రూపొందించారు. ప్రపంచమంతా అత్యవసర విభాగాల్లో వాటిని వాడుతున్నారు. ఇంట్లో మీరూ చూసుకోవచ్చు.

ఒక వేలితో నెమ్మదిగా, కానీ గట్టిగా నొక్కి చూడండి. చీలమండ బయటి ఎముక కొసన, దాని వెనక అంచు వెంట పైకి 6 సెంటీమీటర్ల వరకూ నొక్కండి. లోపలి ఎముకకి కూడా అలాగే చేయండి. తర్వాత పాదం బయటి అంచులో, చిటికెన వేలి నుంచి వెనక్కి వస్తే సగం దూరంలో తగిలే ఎముక బొడిపె మీద నొక్కండి. చివరగా పాదం లోపలి అంచులో, చీలమండకి ముందు ఉబ్బెత్తుగా ఉండే ఎముక మీద. వీటిలో ఏ ఒక్కచోట ఎముక మీదే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించండి.

ఇంకో పరీక్ష నాలుగు అడుగులు. దెబ్బ తగిలిన వెంటనే నాలుగు అడుగులు వేయలేకపోయి, డాక్టర్ దగ్గరికి చేరాక కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తప్పదు. కుంటినా ఫరవాలేదు, ఆ కాలి మీద బరువు మోపి నాలుగు అడుగులు పడుతున్నాయా లేదా అన్నదే లెక్క.

ఇవి కాక కొన్ని పరిస్థితుల్లో ఏ పరీక్షా చేసుకుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. పాదం ఒక పక్కకి వంకరగా కనిపిస్తే. వేళ్ళు చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే. ఎముక చర్మాన్ని చీల్చుకు వస్తే. మడమ వెనక ఎవరో తన్నినట్టు ఫట్‌మని తెలిసి, ఆ తర్వాత మునివేళ్ళ మీద లేవలేకపోతే అది బెణుకు కాదు, మడమ వెనక ఉండే లావు నరం లాంటి స్నాయువు తెగి ఉండవచ్చు. నొప్పి చీలమండకి పైన, రెండు ఎముకల మధ్య ఉండి, పాదాన్ని బయటికి తిప్పితే పెరుగుతుంటే అది చీలమండ పైభాగపు బెణుకు (హై యాంకిల్ స్ప్రెయిన్) కావచ్చు. అది మామూలు బెణుకు కంటే చాలా నిదానంగా మానుతుంది, డాక్టర్ చూసి తీరాలి.

షుగర్ ఉన్నవాళ్ళకి ఒక మాట. చాలా ఏళ్ళుగా షుగర్ ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు. నొప్పి తెలియకపోవడం వల్ల ఎముక విరిగినా నడిచేస్తారు. మీకు పై పరీక్షలు నమ్మదగినవి కావు. నొప్పి కొంచెమే అనిపించినా చూపించుకోండి.

మొదటి మూడు రోజులు

చాలామందికి రైస్ (RICE, నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు) అన్న సూత్రం తెలుసు: విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తి పెట్టడం. అమెరికాకి చెందిన గేబ్ మిర్కిన్ అనే డాక్టర్ 1978లో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. చాలా ఏళ్ళ తర్వాత ఆయనే తన మాట సవరించుకుని, ఐస్, పూర్తి విశ్రాంతి మానడాన్ని ఆలస్యం చేయవచ్చన్నారు. కాబట్టి ఐస్‌ని మందులా చూడకండి. అది నొప్పిని మొద్దుబారుస్తుంది, అంతే. నొప్పి బాగా ఉంటే పల్చటి తువ్వాలులో చుట్టి 15 నిమిషాలు పెట్టండి, మళ్ళీ పెట్టడానికి కనీసం రెండు గంటలు ఆగండి. ఐస్ ముక్క నేరుగా చర్మం మీద పెడితే కాలిన గాయంలా బొబ్బ వస్తుంది. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్ళు ఐస్ జోలికి వెళ్ళవద్దు.

నా అనుభవంలో ఎక్కువ పనికొచ్చినవి కట్టు, కాలు ఎత్తి పెట్టడం. మందుల షాపులో నాలుగు అంగుళాల క్రేప్ బ్యాండేజ్ అడగండి. కాలి వేళ్ళ మొదట్లో మొదలుపెట్టి, పాదం చుట్టూ, మడమ చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పుకుంటూ చీలమండకి పైన ఓ జానెడు వరకూ రండి. వేళ్ళ దగ్గర కాస్త బిగువుగా, పైకి పోతున్నకొద్దీ కాస్త వదులుగా ఉండాలి. పైన బిగించి కింద వదులు చేస్తే వాపంతా పాదంలోకి దిగుతుంది. కట్టిన పావుగంటకి గోరు నొక్కి చూడండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి. వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా విప్పి మళ్ళీ కట్టండి. రాత్రి పడుకునేటప్పుడు విప్పేయండి.

కాలు ఎత్తి పెట్టడమంటే స్టూలు మీద పెట్టడం కాదు. గుండె కంటే ఎత్తులో ఉండాలి. మంచం మీద పడుకుని పిక్క కింద రెండు దిండ్లు పెట్టుకోండి. రెండో రోజు, మూడో రోజు పాదం బయటి అంచు, వేళ్ళ మొదళ్ళు నల్లగా, ఊదాగా కమిలి కనిపిస్తాయి. చూసి భయపడకండి. లోపల కారిన రక్తం బరువుకి కిందికి దిగుతుంది. తర్వాత పచ్చబడి పోతుంది.

నొప్పికి పెద్దవాళ్ళు మామూలుగా పారాసిటమాల్ వేసుకోవచ్చు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి అల్సర్, కిడ్నీ సమస్య, బీపీ ఉన్నవాళ్ళు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా మింగకూడదు. మాత్ర వేసుకుని నొప్పి తెలియకుండా చేసుకుని పరుగుకి వెళ్ళడం మాత్రం ఎవరూ చేయకండి.

ఇప్పుడు మన ఇళ్ళలో జరిగే సంగతులు. కాలు బెణికిందనగానే మా అమ్మ చింతపండు, ఉప్పు కలిపి ఉడికించి వేడివేడిగా పట్టు వేయబోయింది. పక్కింటి పిన్నిగారు "ఆవనూనె రాసి గట్టిగా తోమితే నరం సర్దుకుంటుంది, ఇటు రా అమ్మా" అన్నారు. ప్రేమతో అన్న మాటలే. కానీ మొదటి మూడు రోజులు వేడి, మర్దన రెండూ వద్దు. లోపల చిరిగిన చోట రక్తం ఇంకా ఊరుతుంటుంది, వేడి దాన్ని పెంచుతుంది, తోమడం చిరుగును పెంచుతుంది. "అమ్మా, నాలుగు రోజులు ఆగి వేద్దువుగాని" అంటే ఆమె నొచ్చుకోలేదు. నాలుగో రోజు తర్వాత గోరువెచ్చని కాపడం హాయిగానే ఉంటుంది.

నాటు కట్ల గురించి కూడా చెప్పాలి. తిరుపతి దగ్గరి పుత్తూరు కట్టుకి తెలుగు నాటే కాదు, పక్క రాష్ట్రాల్లోనూ పేరుంది. దాని మీద నమ్మకం ఉన్నవాళ్ళతో నేను వాదించను. ఒక్కటే కోరతాను. ఏ కట్టైనా ఎక్స్‌రే తీయించాకే. ఎముక పక్కకి జరిగి ఉంటే దాన్ని ముందు సరిచేయాలి, లేకపోతే వంకరగానే అతుక్కుంటుంది. ఉత్త బెణుకే అయితే వారాల తరబడి కదలకుండా కట్టి ఉంచడం వల్ల కీలు బిగుసుకుపోయి, పిక్క సన్నబడిపోతుంది. మామూలు బెణుకుకి పిండికట్టు వేసి నెలరోజులు ఉంచినా ఇదే జరుగుతుంది. తీవ్రంగా చిరిగినప్పుడు కొద్ది రోజులు కదలకుండా ఉంచడం మేలు చేస్తుంది, అది డాక్టర్ నిర్ణయం.

ఇంట్లో రోజు గడవడం ఎలా

మెట్లకి ఒక గుర్తు పెట్టుకోండి: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. చేతికర్ర వాడితే దెబ్బ కాలికి ఎదురు చేత్తో పట్టుకోవాలి. కుడికాలికి దెబ్బయితే కర్ర ఎడమచేతిలో. సినిమాల్లో తప్పుగా చూసి చూసి మనకి ఇది తిరగబడినట్టు అనిపిస్తుంది.

నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం రెండు మూడు వారాలు మానండి. ఆ భంగిమలో పాదం సరిగ్గా దెబ్బ తగిలిన వైపుకే మడతపడి, దాని మీద బరువు పడుతుంది. పూజైనా, భోజనమైనా కుర్చీలోనే. ఇంట్లో కింద కూర్చునే టాయిలెట్ మాత్రమే ఉంటే దాని మీద పెట్టుకునే స్టాండ్ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. లేకపోతే గోడకి పట్టుకునే కడ్డీ ఒకటి బిగించుకోండి.

హవాయి చెప్పులు వద్దు. జారిపోకుండా వేళ్ళతో పట్టి నడవాల్సి వస్తుంది, నడక తీరు చెడుతుంది. తడి బాత్రూమ్‌లో అవే పెద్ద ప్రమాదం. వెనక పట్టీ ఉన్న చెప్పులు గానీ, పరుగు బూట్లు గానీ ఇంట్లోనూ వేసుకోండి. గేర్ల బండి నడిపేవాళ్ళకి ఎడమకాలు బెణికితే గేరు మార్చడం కష్టం, కుడికాలైతే బ్రేకు ఆలస్యమవుతుంది. హఠాత్తుగా కాలు ఆనించాల్సి వస్తే ఏ కాలైనా ఒకటే. బరువు మోపి మామూలుగా నడవగలిగేదాకా బండి తీయకండి.

ఇంటి పనంతా మీ మీదే ఉంటే, ఈ మాట గట్టిగా చెబుతున్నాను. మొదటి వారం పొయ్యి ముందు గంటల తరబడి నిలబడకండి. కూరలు కూర్చుని తరగండి, మిగతాది ఇంట్లోవాళ్ళని చేయమనండి. అడగడానికి మొహమాటపడి రోజంతా నిలబడి, సాయంత్రానికి కాలు మళ్ళీ ఉబ్బించుకున్న ఆడవాళ్ళని నేను చాలామందిని చూశాను.

కదలిక: రెండో రోజు నుంచి రెండో వారం వరకు

ఎముక విరగలేదని తేలితే, రెండో రోజు నుంచే పాదాన్ని గాలిలో కదిలించండి. కాలు దిండు మీద ఉండగానే పాదాన్ని మీ వైపుకి లాగండి, కిందికి నొక్కండి. గంటకోసారి ఇరవై సార్లు. తర్వాత బొటనవేలు కలం అనుకుని గాలిలో అ ఆ ఇ ఈ రాయండి. మన అక్షరాలు గుండ్రంగా తిరుగుతాయి కాబట్టి పాదం అన్ని వైపులకీ తిరుగుతుంది. "ఋ" రాయగలిగిన రోజు చీలమండ బాగానే కదులుతోందని నాకు అర్థమైంది. నొప్పి పదికి మూడు దాటితే అక్షరం చిన్నది చేయండి.

నాలుగైదు రోజులకి, కాలు చాచి కూర్చుని, తువ్వాలు పాదం ముందు భాగానికి తగిలించి రెండు చేతులతో మీ వైపుకి లాగండి. ముప్ఫై సెకన్లు, మూడుసార్లు. పిక్క సాగుతున్నట్టు తెలియాలి. అలాగే గోడ పక్కన కూర్చుని, పాదం బయటి అంచుతో గోడను నెట్టండి. పాదం కదలదు, కండరం మాత్రం బిగుస్తుంది. ఐదు సెకన్లు, పదిసార్లు. పాదాన్ని బయటికి లాగే ఆ కండరాలే రేపు మడతపడబోయే కాలిని కాపాడేవి.

నడక కూడా ఈ రోజుల్లోనే మొదలవ్వాలి. కుంటకుండా పది అడుగులు, ఆ తర్వాత ఇరవై. ఎక్కువ దూరం కుంటుతూ నడవడం కంటే తక్కువ దూరం తిన్నగా నడవడం మేలు. మడమ ముందు ఆని, తర్వాత బొటనవేలితో నేలను నెట్టి వదలాలి.

బలం, నిలకడ: అందరూ వదిలేసే దశ

రెండో వారానికో, మూడో వారానికో నొప్పి దాదాపు పోతుంది. నేను ఆగిపోయింది ఇక్కడే. దయచేసి మీరు ఆగకండి.

ముందు రబ్బరు బ్యాండ్. వ్యాయామానికి వాడే పొడవాటి బ్యాండ్ ఒకటి కొనండి, తక్కువ బిగువు ఉన్నదానితో మొదలుపెట్టండి. ఒక కొస మంచం కోడుకి కట్టి, రెండో కొస పాదానికి తగిలించి, పాదాన్ని బయటికి లాగండి. లాగేటప్పుడు ఒక సెకను, తిరిగి వదిలేటప్పుడు మూడు సెకన్లు. పదిహేను సార్లు, మూడు విడతలు. లోపలికి, పైకి, కిందికి కూడా చేయండి, కానీ బయటికి లాగడమే ముఖ్యం.

తర్వాత మునివేళ్ళ మీద లేవడం. వంటగట్టు పట్టుకుని రెండు కాళ్ళ మీద పదిహేనేసి సార్లు, మూడు విడతలు. అది తేలికయ్యాక రెండు కాళ్ళతో లేచి దెబ్బ కాలితో ఒక్కదానితోనే దిగండి. చివరికి ఒక్క కాలితోనే లేచి దిగాలి. పరుగులో ప్రతి అడుగూ ఒంటికాలి మీదే పడుతుంది కాబట్టి ఈ ఒంటికాలి బలం లేకుండా పరుగు లేదు.

ఇక నిలకడ. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు దెబ్బ కాలి మీద ఒంటికాలితో నిలబడండి. ముప్ఫై సెకన్లు కదలకుండా నిలబడగలిగితే కళ్ళు మూసుకుని ప్రయత్నించండి. ఎంత తేడా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. కళ్ళు మూయగానే నా దెబ్బ కాలు నాలుగు సెకన్లకే ఊగిపోయింది, మంచి కాలు ఇరవై దాటింది. ఆ తేడాయే నా రెండో బెణుకుకి కారణం. పక్కన గోడో, సింకో చేతికి అందేలా ఉంచుకోండి. తర్వాతి మెట్టు మడత పెట్టిన దుప్పటి మీద నిలబడడం, ఆ పైన ఒంటికాలి మీద ఉండి బంతి గోడకి కొట్టి పట్టుకోవడం.

ఒంటికాలి సాధన రోజుకి ఐదు నిమిషాలు చాలు, కానీ ఆరు వారాలు విడవకుండా చేయాలి.

కీలు ఎంత వంగుతోందో చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. గోడకి ఎదురుగా నిలబడి, మడమ నేల మీంచి లేవకుండా మోకాలిని గోడకి తాకించండి. పాదాన్ని కొంచెం కొంచెం వెనక్కి జరుపుతూ, మోకాలు ఇంకా గోడని తాకగలిగే చివరి దూరం దగ్గర ఆగండి. బొటనవేలి నుంచి గోడకి ఉన్న దూరాన్ని స్కేలుతో కొలవండి. రెండు కాళ్ళకీ తేడా రెండు సెంటీమీటర్లు దాటితే కీలు ఇంకా బిగుసుకునే ఉందని అర్థం. అదే భంగిమలో రోజూ పదిహేను సార్లు మోకాలిని ముందుకి నెడితే వదులవుతుంది.

ఈ వారాల్లో దమ్ము తగ్గిపోతుందని టెన్షన్ పడకండి. కదలని సైకిల్ మామూలుగా మొదటి లేదా రెండో వారం నుంచే తొక్కవచ్చు. ఈత వచ్చినవాళ్ళు ఈదవచ్చు, కప్పలా కాళ్ళు విదిల్చే ఈత మాత్రం వద్దు. కుర్చీలో కూర్చుని డంబెల్స్ ఎత్తవచ్చు.

మళ్ళీ పరుగు ఎప్పుడు

క్యాలెండర్ చూసి మొదలుపెట్టకండి, కాలిని అడగండి. చురుకైన నడక ముప్ఫై నిమిషాలు నొప్పి లేకుండా, మర్నాడు వాపు లేకుండా సాగాలి. ఒంటికాలి మీద మునివేళ్ళతో ఇరవై సార్లు లేవగలగాలి, లేదా కనీసం మంచి కాలు చేసినన్ని సార్లు. ఒంటికాలి మీద ముప్ఫై సెకన్లు నిలవాలి. దెబ్బ కాలితో పదిసార్లు కుంటాట ఆడినట్టు ముందుకి గెంతి, తర్వాత పక్కలకి గెంతి, భయం లేకుండా దిగగలగాలి. భయం కూడా ఒక కొలతే. కాలు ఆనించే ముందు మనసు వెనకాడుతుంటే కాలు ఇంకా సిద్ధంగా లేదు.

ఇవన్నీ కుదిరాక, చదునైన చోట, వెలుగు వచ్చాక మొదలుపెట్టండి. ఐదు నిమిషాలు నడిచి, ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక. ఇలా ఎనిమిది సార్లు. చివర మళ్ళీ ఐదు నిమిషాలు నడక. మర్నాడు పరుగు లేదు. వారానికి మూడు రోజులే. మూడు రోజులూ బాగా సాగితే తర్వాతి వారం రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక. ఆ తర్వాత మూడుకి ఒకటి, ఐదుకి ఒకటి. ఇలా ఐదారు వారాల్లో ఆగకుండా ఇరవై ఐదు నిమిషాలకి చేరవచ్చు. ముందు సమయం పెంచండి, వేగం ఆ తర్వాత. ఎత్తుపల్లాలు అన్నిటికంటే చివర. హైదరాబాద్‌లో సాధన చేసేవాళ్ళు ఇది మరీ గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఇక్కడి మారథాన్ దారిలో ఫ్లైఓవర్లు, ఎత్తులు దాటాల్సిందే.

ప్రతి పరుగు తర్వాత రెండు ప్రశ్నలు వేసుకోండి. పరుగులో నొప్పి పదికి రెండు దాటిందా? మర్నాడు పొద్దున మంచం దిగి వేసిన మొదటి అడుగులు నిన్నటి కంటే బిగువుగా ఉన్నాయా? ఏ ఒక్కదానికి అవునన్నా ఒక మెట్టు వెనక్కి వెళ్ళండి. ఇది ఓటమి కాదు, కాలు చెబుతున్న లెక్క.

మన రోడ్ల అంచులు నీళ్ళు పోవడానికి పక్కకి వాలుగా ఉంటాయి. ఎప్పుడూ ఒకే పక్కన పరుగెడితే ఒకే చీలమండ రోజూ వంగుతుంది. పార్కుల్లో మట్టి దారి మెత్తగా ఉన్నా రాళ్ళు, వేర్లు ఉంటాయి, మొదటి రెండు నెలలు వద్దు. స్టేడియం ట్రాక్ మంచిదే, వీలైతే రోజు విడిచి రోజు దిక్కు మార్చండి. వానాకాలంలో నీళ్ళు నిలిచిన చోట లోతు తెలియదు, ఆ నీళ్ళలో అడుగు పెట్టకుండా చుట్టూ తిరిగి వెళ్ళండి.

చీలమండకి కట్టుకునే లేసుల బ్రేస్ మళ్ళీ బెణకకుండా నిజంగా సాయపడుతుంది, ముఖ్యంగా ఒకసారి బెణికినవాళ్ళకి. మొదటి కొన్ని నెలలు పరుగులో వాడండి. సాగే గుడ్డతో చేసిన గొట్టం లాంటి సాక్సు వెచ్చగా ఉంటుంది, కానీ కాలు మడతపడకుండా పెద్దగా ఆపలేదు. బ్రేస్ ఉంది కదా అని ఒంటికాలి సాధన మానకండి. బూట్ల విషయానికొస్తే, ఒక పక్క అరిగి వాలిపోయిన జతను పక్కన పెట్టండి చాలు. ఖరీదైన బూటు బలహీనమైన చీలమండని కాపాడలేదు.

కట్టిన రిజిస్ట్రేషన్ డబ్బుల గురించి. నా ఆగస్టు పరుగుకి ఇంకా నాలుగు వారాలుందని ఆ తేదీ కోసమే తొందరపడ్డాను. డబ్బు తిరిగి రాదన్న బాధ, గ్రూపులో అందరూ కిలోమీటర్లు పెడుతుంటే నేను మిగిలిపోతున్నానన్న బాధ నాకు బాగా తెలుసు. పేరు ఇచ్చిన పరుగు దగ్గర పడుతుంటే, పైన చెప్పిన పరీక్షలు ఆ తేదీకి కనీసం నెల ముందు దాటగలిగితేనే వెళ్ళండి. లేకపోతే ఆ రోజు నీళ్ళ టేబుల్ దగ్గర వాలంటీరుగా నిలబడండి. నేను అదే చేశాను, తర్వాతి ఏడాది పరుగెత్తాను.

ఆరు వారాలు దాటినా తగ్గకపోతే

నెలన్నర సాధన చేసినా కాలు జారిపోతున్నట్టు అనిపించడం, కీలు లోపల లోతుగా నొప్పి, పట్టేసినట్టు ఇరుక్కోవడం, సాయంత్రానికి రోజూ వాపు ఇవన్నీ మామూలు బెణుకు దాటిన గుర్తులు. కీలు లోపలి మృదులాస్థికి దెబ్బ తగిలి ఉండవచ్చు, మొదటి ఎక్స్‌రేలో కనిపించని సన్నని పగులు ఉండవచ్చు. ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి, ఎమ్మారై అవసరమవుతుందేమో ఆయనే చెబుతారు. దెబ్బ తగలకుండానే పాదంలోనో, చీలమండ పైనో ఒకే చుక్క దగ్గర నొప్పి మొదలై పరుగుతో పెరుగుతుంటే అది ఎముక అలసి పగలడం కావచ్చు. వెంటనే పరుగు ఆపేసి చూపించుకోండి. కాలు కదలక పడుకున్న రోజుల్లో పిక్క ఉబ్బి, ఎర్రబడి, వెచ్చగా నొప్పి పుడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి, నరంలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దానితో పాటు ఆయాసమో, ఛాతీలో నొప్పో వస్తే క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

డాక్టర్ దగ్గరికో, ఫిజియోథెరపిస్ట్ దగ్గరికో వెళ్ళేటప్పుడు నాలుగు విషయాలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి: కాలు ఏ వైపుకి మడతపడింది, వెంటనే నాలుగు అడుగులు వేయగలిగారా లేదా, ఇంతకుముందు ఎన్నిసార్లు బెణికింది, మీరు మళ్ళీ పరుగెత్తాలనుకుంటున్నారని. నాలుగోది తప్పకుండా చెప్పండి. నేను మొదటిసారి చెప్పలేదు. రోజువారీ నడకకి సరిపడే సలహా ఇచ్చి పంపారు. రెండోసారి చెప్పాను. ఆ ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి మొదటి రోజే నన్ను ఒంటికాలి మీద నిలబెట్టి, "మేడమ్, ఇప్పుడు కళ్ళు మూసుకోండి" అంది.